వడ్లు వాటంతట అవి తరిగితే తరుగు, ఎవరో తీస్తే అది కోత

"తరుగు, తరుగుదల, తగ్గింపు మూడూ ఒకటేనా? ఏది ఎక్కడ వాడాలి?" అని అడిగారు. ఒకటి కాదు. తగ్గింపు ఎవరో ఒకరు చేస్తారు. తరుగు దానంతట అదే జరుగుతుంది. చెరువులో నీళ్ళు ఎండాకాలం తరుగుతాయి, పచ్చి వడ్లు ఆరితే తరుగుతాయి. ఈ తేడా నాకు నిఘంటువులో దొరకలేదు, వడ్లు అమ్మిననాడు తెలిసింది.

2023 యాసంగి. మాది కరీంనగర్ దగ్గర పల్లె. సరిగ్గా కోతలప్పుడు చెడగొట్టు వానలు పడ్డాయి. పన్నెండు రోజులు బాపు, నేను కొనుగోలు సెంటర్ దగ్గరే ఉన్నాం. ఎండ వస్తే వడ్లు ఆరబోయడం, మబ్బు పడితే కుప్ప చేసి పరదా కప్పడం. తూర్పార పట్టి తాలు తీశాం. చివరికి తేమ 16 శాతానికి వచ్చింది. 17 దాకా తీసుకోవాలని రూలు. 40 కిలోల చొప్పున 120 బస్తాలు కాంటా అయ్యాయి. లారీ మిల్లుకు వెళ్ళిపోయింది, హమ్మయ్య అనుకున్నాం.

రాత్రి పదింటికి సెంటర్ నుంచి ఫోన్. "కాకా, మిల్లుల లారీ దించుకుంటలేరు. బస్తాకు రెండు కిలోల తరుగు ఒప్పుకుంటేనే దించుతరట. ఏమంటవ్?" బాపు కాసేపు ఏమీ మాట్లాడలేదు. లారీ వెనక్కి వస్తే ఆ వడ్లు మళ్ళీ ఎక్కడ పోసుకోవాలి? "కానియ్" అన్నాడు.

240 కిలోలు పోయాయి. 'ఎ' గ్రేడు వడ్లకు అప్పుడు మద్దతు ధర క్వింటాలుకు 2,060 రూపాయలు. అంటే 4,944 రూపాయలు. పొద్దున కాంటా అయిన వడ్లు రాత్రికి అంత తరుగుతాయా? మా వైపు దీన్నే కడ్తా, అంటే కోత, అని కూడా అంటారు. నాకు ఆ మాటే నయం. తరుగు అంటే ఎండో గాలో తీసుకుపోయినట్టు వినిపిస్తుంది, తీసినవాళ్ళు కనపడరు.

బంగారం షాపులోనూ ఇదే తంతు. వెనకటికి కంసాలి ఆకురాయితో రాకితే పొడి రాలేది, దానికి తరుగు కట్టేవాళ్ళు, అర్థముంది. చెల్లె పెళ్ళికి మిషన్ మీద చేసిన గొలుసు కొంటే దానికీ తరుగు వేశారు, మజూరీ వేరే! రాలిన పొడి ఏదైనా ఉంటే అది వాళ్ళ దగ్గరే ఉంటుంది కదా?

తరుగుదల మాత్రం అకౌంట్స్ మాట. ట్రాక్టర్ వాడే కొద్దీ అరిగి ఏటేటా విలువ పడిపోవడం. అక్కడ ఆ పదం సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ దోచుకోలేదు, పని చేసి అరిగింది.

మిల్లు నుంచి వచ్చిన చిట్టీలో "తరుగు 240" అని ఉంది. బాపు తన లెక్కల నోటుబుక్కులో ఆ మాట రాయలేదు. "మిల్లోళ్ళు తీసుకున్నవి 240 కిలోలు" అని రాసుకున్నాడు.