డీఎన్‌ఏ పరిశోధనకు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు సరిపోతుందా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. డాక్టర్ చదువు వద్దంటోంది. డీఎన్‌ఏ ఎలా దెబ్బతింటుందో మైక్రోస్కోపులో చూసే పని చేస్తానంటోంది. తెలిసినవాళ్లు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా)లో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: డీఎంఎల్‌టీ మంచి చదువే, త్వరగా ఉపాధి చూపిస్తుంది. కానీ మీ అమ్మాయి అడుగుతున్నది అది కాదు. డీఎన్‌ఏ పోగు మందం 2 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోపులో సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలు ఒకటిగానే కనిపిస్తాయి. ఆ హద్దు దాటే దారి చూపిన శాస్త్రవేత్తలు బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకు 2014లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది అదే బహుమతి డీఎన్‌ఏ మరమ్మతు గుట్టు విప్పిన ముగ్గురికి దక్కింది.

డీఎన్‌ఏ పరిశోధనశాలలో చేసే పని ఒకటి చెబుతాను, ఇద్దరూ కలిసి చదవండి. కణం విభజనకు ముందు తన డీఎన్‌ఏకు నకలు తీసుకుంటుంది. ఆ నకలులో కలిసిపోయే రసాయనం ఒకటి కొన్ని నిమిషాలు, తర్వాత ఇంకొకటి కొన్ని నిమిషాలు అందిస్తారు. ఆపైన గాజు పలక మీద కణాలను పగలగొట్టి పలకను వాలుస్తారు. ఆ ద్రవపు చుక్క కిందికి జారేకొద్దీ డీఎన్‌ఏ పోగులు సాగి పరుచుకుంటాయి. యాంటీబాడీలతో రంగు పట్టించి ఆ రంగు వెలుగు చిమ్మేలా చేసే ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులో చూస్తే మొదటి రసాయనం చేరినచోట ఎర్ర గీత, దాని కొసన రెండోది చేరినచోట పచ్చ గీత! వాటి పొడవును బట్టి నకలు వేగం లెక్కకడతారు. మనిషి కణాల్లో అది నిమిషానికి వెయ్యి నుంచి రెండు వేల డీఎన్‌ఏ అక్షరాలు (బేస్‌లు). పచ్చ లేని ఎర్ర గీతలు పెరిగితే నకలు మధ్యలో నిలిచిపోతోందని అనుమానించాలి. సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సర్ మందుల ప్రభావాన్ని ఇలా కూడా పరీక్షిస్తారు. అలాంటి గీతలు వందలకొద్దీ కొలవాలి. అంత ఓపిక ఉందా అని అమ్మాయిని అడగండి. నాకు మార్కులకన్నా ఆ జవాబే ముఖ్యం.

ఇక దారి. ఇచ్ఛాపురం దాటితే బరంపురంలోనే ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా, పరిశోధన సంస్థ) ఉంది, తిరుపతిలో మరొకటి. ఇంటర్ తర్వాత అక్కడ డిగ్రీ, పీజీ కలిసిన ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ప్రవేశ పరీక్ష ఐఏటీలో జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలతోపాటు గణితం కూడా ఉంటుంది. బైపీసీ వారికి అర్హత ఉంది, తడబడేది మాత్రం లెక్కల దగ్గరే. ఈ నెల నుంచే లెక్కలు చెప్పించండి. గీతలు కొలిచేనాడు గణాంకాలు, కాస్త ప్రోగ్రామింగ్ ఎలాగూ కావాలి. సీటు రాకపోతే శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ చదివించి, ఐఐటీలు నిర్వహించే జామ్ ప్రవేశ పరీక్ష రాయించి ఎంఎస్సీకి పంపండి. లక్షలు పోసి ప్రైవేటు బయోటెక్ కోర్సు కొనవద్దు.

ఆపైన పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు. సీఎస్ఐఆర్-నెట్‌లో (జాతీయ స్థాయి అర్హత పరీక్ష) జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ సాధిస్తే తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. ఇది 2023లో పెంచిన మొత్తం. ఆడపిల్లకు అన్నేళ్ల చదువెందుకని చుట్టాలు అడుగుతారు. ఆ మాటకు మీరే జవాబు చెప్పండి, ఆమెతో చెప్పించకండి. ఓబీసీ వారైతే కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉన్న ధ్రువపత్రం ఐసర్ దరఖాస్తుకు ముందే తీసి ఉంచండి. రాష్ట్ర నమూనా పత్రం అక్కడ చెల్లదు.