సిరియస్‌ని ఫొటో తీసే ముందు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. సిరియస్ నక్షత్రం బూరెలా ఉబ్బి ఉంది. లెన్సు మంచిదే, నువ్వు ఫోకస్ రింగుని చివరికంటా తిప్పేశావు. ఆటోఫోకస్ లెన్సులు చాలావరకు అనంతం గుర్తు (బాగా దూరపు వస్తువులకి ఫోకస్ కుదిరే చోటు) దాటి ఇంకాస్త తిరుగుతాయి. ఎండకీ చలికీ లోపలి కొలతలు కొద్దిగా మారతాయి కాబట్టి ఆ జాగా వదులుతారు.

సంక్రాంతికి ఇంటికొస్తావుగా, డాబా మీద మళ్ళీ మొదలుపెట్టు. రాత్రి ఏడున్నరకి గొల్లకావిడి మూడు చుక్కల వరుస పట్టుకుని ఆగ్నేయం వైపు చూపు సాగిస్తే సిరియస్ తగులుతుంది. జూమ్ 100 మిల్లీమీటర్ల దగ్గరుంచి చుక్కని మధ్యకి తెచ్చుకుని, ఆ తర్వాతే 300కి వెళ్ళు. ఫోకస్ పట్టాల్సింది 300లోనే.

ఆటోఫోకస్, స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసేది) రెండూ ఆపెయ్. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, 10 రెట్లు పెద్దది చేసి, రింగుని వెంట్రుకవాసి చొప్పున తిప్పు. చుక్క చిన్నదవుతూ అవుతూ సూదిమొనంత అవుతుంది, దాటితే మళ్ళీ ఉబ్బుతుంది. ఒకసారి దాటించి చూసి వెనక్కి రా. దొరకగానే రింగు మీద టేపు ముక్క అంటించు. ఒక జనవరిలో నా శాలువా కొస తగిలి రింగు కదిలింది. తెల్లారి చూసుకుంటే ఆ రాత్రి ఫొటోలన్నీ పోయాయి.

ఎక్స్‌పోజర్, అంటే వెలుగు లోపలికి వచ్చే సమయం, ఎక్కువ పెట్టకు, అందరూ చేసే పొరపాటు అదే. భూమి తిరుగుతోంది కదా, 300లో ఒక్క సెకనుకే చుక్క గీతలా సాగుతుంది. పైగా రాత్రి ఆకాశంలో దీన్ని మించి వెలిగే నక్షత్రం లేదు. లెన్సు ద్వారం ఎఫ్ 5.6, వెలుగుని పట్టే సున్నితత్వం ఐఎస్ఓ 400, షటర్ సెకనులో 250వ వంతుతో మొదలుపెట్టు. నడుమ తెల్లగా మాడిపోతే ఇంకా తగ్గించు. ట్రైపాడ్ మీద పెట్టి టైమర్‌తోనే తియ్యి.

ఇదంతా కుదిరాక అసలు సంగతి చూడు. చుక్క ఇంకా కిందుగా ఉన్నప్పుడే కావాలని ఫోకస్ కొంచెం చెడగొట్టి, ఒక సెకను షటర్ పెట్టి, ట్రైపాడ్ హెడ్ వదులు చేసి లెన్సుని మెల్లగా సున్నా చుట్టు. ఎరుపు, పచ్చ, నీలం పూసలు దారానికి గుచ్చినట్టు వస్తాయి. సిరియస్ సొంత రంగు నీలం కలిసిన తెలుపే. దిగువన దట్టంగా ఉన్న మన గాలి దాని వెలుగుని విడదీసి, అటూ ఇటూ ఊపుతుంది. కంటికి మిలమిలగా కనిపించేది అదే. ఆ వెలుగు బయల్దేరి 8.6 ఏళ్ళు, నువ్వప్పుడు ఆరో తరగతి!

పది దాటాక లెన్సు మీద మంచు పడుతుంది, మధ్యమధ్య టార్చి వేసి చూసుకో. తీసినవన్నీ రా (RAW) ఫైళ్ళుగానే, కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా, పంపు. బాగాలేనివి తీసెయ్యకు, నాకు అవే ముందు చూడాలనుంది.

పెదనాన్న