ఎక్కడ కదిలావో అక్కడి నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసాలన్నీ చదివాను. సినిమా గురించి 'గుండెను పిండేసింది' అన్నావు, పాట గురించి 'మాటలు చాలవు' అన్నావు, నవలేమో 'అందరూ తప్పక చదవాలి' అన్నావు. నీ ఇష్టం నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ అది నీ దగ్గరే ఉండిపోయింది, నా దాకా రాలేదు. ఎక్కడ కదిలిపోయావో ఆ చోటు చూపించు తల్లీ. అప్పుడు తెర మీద ఏం జరుగుతోంది, చెవిన ఏం పడుతోంది? ముందు అది రాయి.

సత్యజిత్ రాయ్ తీసిన బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి' చూసి ఏడ్చేశానన్నావు. బహుశా తండ్రి హరిహర్ పొరుగూరి నుంచి ఇంటికి తిరిగొచ్చే చోట అయి ఉంటుంది. ఆ సన్నివేశం ఆపి ఆపి మళ్ళీ చూడు. కూతురు దుర్గ చనిపోయిన సంగతి అతనికి తెలీదు. తెచ్చిన సామానంతా ఒక్కొక్కటే తీసి భార్య సర్వజయకు చూపిస్తుంటాడు. అప్పడాల పీట, కర్ర తీస్తాడు, లక్ష్మీదేవి పటం తీస్తాడు. ఆఖర్న దుర్గ కోసం తెచ్చిన చీర చేతికిస్తాడు. సర్వజయ దాన్ని నోటికి అదుముకుని కుప్పకూలిపోతుంది. ఆమె ఏడుపు మాత్రం మనకు వినిపించదు. ఆ చోట పట్‌దీప్ రాగంలో తార్ షెహనాయి అందుకుంటుంది. పేరులో షెహనాయి ఉన్నా అది ఊదే వాద్యం కాదు, కమానుతో పలికించే తీగల వాద్యం. వాయించింది దక్షిణామోహన్ ఠాకూర్. సంగీతం సమకూర్చిన రవిశంకర్‌కు అప్పట్లో కచేరీలతో తీరిక లేక, రికార్డింగ్ దాదాపు అంతా ఒక్క రాత్రిలో ముగించారు. సత్యజిత్ రాయ్ ఆ తల్లి గొంతు తీసేసి ఈ వాద్యాన్ని పెట్టాడు. గొంతు ఉండాల్సిన చోట లేకపోయేసరికి, మనం ఎప్పుడో మనింట్లోనో పక్కింట్లోనో విన్న ఏడుపు వచ్చి అక్కడ చేరుతుంది. నీకు దుఃఖం ముంచుకొచ్చింది అందుకేనని నా నమ్మకం. కాదంటావా, నీ కారణం రాయి. కారణమంటూ ఒకటి ఉండాలి.

సినిమా నచ్చింది కాబట్టి, 1929లో పుస్తకంగా వచ్చిన విభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల కూడా చదువు. 'నవలే బాగుంది', 'సినిమాయే బాగుంది' అనే తీర్పులు మాత్రం వద్దు. ఒక్క వస్తువును పట్టుకుని చూడు. దుర్గ దొంగతనం చేసిందని పొరుగింటివాళ్ళు నింద వేస్తారు కదా, ఆమె పోయాక అది నిజమేనని తమ్ముడు అపుకు తెలుస్తుంది. నవలలో దొరికేది బంగారు కుంకుమ భరిణె. వాడు దాన్ని వెదురు పొదల్లోకి విసిరేస్తాడు. సినిమాలో అది పూసల దండ, పడేది చెరువులో. నీటి మీది నాచు విడిపోయి, మెల్లగా మళ్ళీ మూసుకుంటుంది. అక్కకు తమ్ముడు చేసిన ఆఖరి సాయాన్ని కాగితం మీద ఒకలా, కెమెరాతో ఇంకోలా చెప్పారు. నిన్ను ఏది ఎక్కువ కదిలించిందో, ఎందుకో రాస్తే అదే మంచి వ్యాసం.

సంగీతం గురించి రాయడానికి రాగం పేరు తెలియాలని టెన్షన్ పడకు. తెలిస్తే మంచిదే. అంతకంటే ముఖ్యం, ఎక్కడ ఒళ్ళు జలదరించిందో ఆ చరణానికి వెనక్కి వెళ్ళి వినడం. గొంతు ఆగిందా, తబలా తప్పుకుందా, వయొలిన్లు వచ్చి చేరాయా?

టీవీ విషయంలో ఒక జాగ్రత్త చెబుతాను. 'మాల్గుడి డేస్' కోసం ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ ట్యూన్ వింటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. శంకర్ నాగ్ తీసిన తీరుకు అందులో వాటా ఎంత, దూరదర్శన్ ముందు ఇంటిల్లిపాదీ కూర్చున్న రోజుల వాటా ఎంత? రెండూ రాయొచ్చు. కానీ ఏది ఏదో పాఠకుడికి తెలిసేలా రాయాలి.

ఇక జపాన్ సినిమా 'టోక్యో స్టోరీ' బోర్ కొట్టిందన్నావు. కొట్టొచ్చు, దానికి సిగ్గుపడక్కర్లేదు. అవార్డులూ జాబితాలూ చూసి లేని మెప్పు రాయకు. అయితే ఆ బోర్‌ను కూడా పరీక్షించు. 1953లో దర్శకుడు ఓజు తీసిన ఈ సినిమాలో కెమెరా చాప మీద కూర్చున్న మనిషి ఎత్తులో ఉంటుంది, దాదాపు కదలనే కదలదు. పిల్లల్ని చూడాలని ఒనోమిచి అనే ఊరి నుంచి టోక్యో వచ్చిన ముసలి దంపతులను, తీరిక లేని ఆ పిల్లలు సముద్రతీరంలో ఉన్న విహార పట్టణం అతామికి పంపించేస్తారు. రాత్రంతా అక్కడి గోలకు వాళ్ళకు నిద్ర ఉండదు. పొద్దున్నే సముద్రపు గట్టు మీద నుంచి లేవబోతూ ఆవిడ ఒక్క క్షణం తూలుతుంది. అంతే. కథ మలుపు తిరిగేది అక్కడే. వేగంగా సాగే సినిమా అయితే ఆ తూలడం మన కంట్లో పడేదే కాదు.

అమెరికాలో కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళొచ్చిన మన అమ్మానాన్నలు నీకు గుర్తొస్తారు. రానీ. వాళ్ళ గురించి రెండు వాక్యాలు రాసి, మళ్ళీ ఆ గట్టు దగ్గరికి రా. చాలామంది తమ ఇంటి సంగతుల్లో పడి సినిమాను మరిచిపోతారు. అప్పుడది ఏ సినిమా మీద రాసినా ఒకటే వ్యాసం అవుతుంది.

ముందు 'టోక్యో స్టోరీ' మీదే రాయి. విసుగు ఎక్కడ మొదలైందో, ఏ సన్నివేశంలో ఫోన్ చేతిలోకి తీసుకున్నావో దాచకుండా రాయి. రెండోసారి చూశాక కూడా నచ్చకపోతే అదే అను, నేను అభ్యంతరం చెప్పను. నెలాఖరులోగా పంపు, చదివి వెంటనే జవాబు రాస్తాను.

ఇట్లు
మీ మాస్టారు