మత్తు మందుతో ఊపిరి ఆగింది... తమ్ముడు మళ్లీ మామూలవుతాడా?

ప్రశ్న: మా తమ్ముడికి 22 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదివేవాడు. మూడు నెలల క్రితం టాపెంటడాల్ మాత్రలు నలిపి ఇంజెక్షన్ చేసుకుని, ఆ పైన ఆల్ప్రజోలం అనే నిద్రమాత్ర వేసుకున్నాడట. రూమ్మేట్లు చూసేసరికి పెదాలు నీలం తిరిగాయి. ఆరు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇప్పుడు ఇంట్లో నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు. కానీ అడిగిందే అడుగుతాడు. స్నానానికి లేవడు. అన్నం తినకుండానే తిన్నానంటాడు. చిన్న మాటకే కంచం విసిరేస్తాడు. నాన్న ‘ఇవన్నీ నాటకాలు’ అంటూ ఏదో ఒక డీఅడిక్షన్ సెంటర్లో ఆర్నెల్లు పడేస్తానంటున్నారు. నాకేం తోచడం లేదు.

జవాబు: మీ నాన్నగారికి ముందు ఒక సంగతి చెప్పండి. ఇది నాటకం కాదు, గాయం. టాపెంటడాల్ ఓపియాయిడ్, అంటే నల్లమందులా పనిచేసే నొప్పి మందు. మోతాదు మించితే మెదడులో శ్వాసను నడిపే కేంద్రాన్ని మందగింపజేస్తుంది. ఆల్ప్రజోలం తోడైతే ఆ ప్రభావం ఇంకా పెరుగుతుంది. శరీరం బరువులో మెదడు 2 శాతమే, కానీ ఒంట్లోని ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. నాలుగైదు నిమిషాలు అందకపోతే కణాలు చనిపోవడం మొదలవుతుంది. అన్నిటికన్నా ముందు దెబ్బతినే భాగాల్లో కొత్త జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోకాంపస్ ఒకటి. అందుకే పదో తరగతి స్నేహితుల పేర్లు గడగడా చెప్పే కుర్రాడికి పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు. ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చేది ఇక్కడే. ‘తిన్నాను’ అనడం కూడా అబద్ధం కాకపోవచ్చు. జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోట మెదడు ఏదో ఒక పాత సంగతిని తెచ్చి నింపుతుంది, అతను దాన్ని నిజమనే నమ్ముతాడు. స్నానానికి లేవకపోవడాన్ని బద్ధకం అనుకోకండి. పనిని మొదలుపెట్టించే మెదడు భాగాలు దెబ్బతింటే, చేయాలని తెలిసినా శరీరం కదలదు.

ఇప్పుడు మీరు గుర్తు తెచ్చుకోవలసింది ఒకటుంది. డిశ్చార్జి అయిన కొత్తలో ఇప్పటికన్నా బాగున్నాడా? ఊపిరి ఆగి బతికినవాళ్లలో కొందరు కోలుకున్నట్టే కనిపించి, ఒకటి నుంచి నాలుగు వారాల్లో మళ్లీ దిగజారుతారు. మెదడు భాగాలను ఒకదానితో ఒకటి కలిపే తెల్ల పదార్థం ఆలస్యంగా దెబ్బతినడం వల్ల అలా జరుగుతుంది. నడక బిగుసుకుపోవడం, మాట తగ్గిపోవడం, మూత్రం తెలియకుండా పోవడం దాని గుర్తులు. వీటిలో ఏది కనిపించినా ఈ వారమే న్యూరాలజిస్టుకు చూపించండి. లేకపోయినా ఒకసారి ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి. మూర్ఛ అనుమానం ఉంటే మెదడు తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష చేస్తారు. జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను కొలిచే పరీక్ష క్లినికల్ సైకాలజిస్టు చేస్తారు, అది తప్పక చేయించండి. సూది వాడాడు కాబట్టి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా కావాలి. సిగ్గుపడి వీటిని దాటవేసే కుటుంబాలే ఎక్కువ.

ఇంట్లో చేయవలసినవి చిన్నవే, కానీ రోజూ చేయాలి. అతని గదిలో తేదీ, వారం రాసిన పలక, గడియారం పెట్టండి. ఒకే నోట్‌బుక్కు ఇవ్వండి, తిన్నది, వచ్చినవాళ్లు, వేసుకున్న మాత్ర అన్నీ అప్పటికప్పుడే అందులో రాయించండి. మళ్లీ అడిగితే ‘ఇందాకే చెప్పాగా’ అనకుండా పుస్తకం చూడమనండి. ‘గుర్తుందా?’ అని పరీక్ష పెట్టకండి. ఊహించి తప్పు చెబితే ఆ తప్పే మెదడులో పాతుకుంటుంది, సరైన జవాబు మీరే అందించండి. ‘వెళ్లి స్నానం చెయ్’ అంటే లేవడు. ‘లే’, ‘తువ్వాలు తీసుకో’, ‘బాత్‌రూమ్‌కి పద’ అని ఒక్కో మెట్టు చెప్పండి, రోజూ అదే సమయానికి. పని 20 నిమిషాలకు మించకుండా చూసి, తర్వాత విశ్రాంతి ఇవ్వండి. కోపం ఎక్కువగా సాయంత్రం అలసటతోనో, టీవీ గోలలోనో వస్తుంటే ముందు ఆ కారణాన్ని తగ్గించండి. కంచం విసిరినప్పుడు వాదించకుండా పది నిమిషాలు పక్కకు వెళ్లండి. స్టవ్, బైకు, ఈత డాక్టరు సరేననేదాకా వద్దు. కోపం తగ్గాలని ఇంట్లో ఉన్న నిద్రమాత్ర ఇవ్వడం మహా ప్రమాదం. మూర్ఛ మందు రాసి ఉంటే సొంతంగా ఆపకండి.

డీఅడిక్షన్ చికిత్స మాత్రం కచ్చితంగా కావాలి, నాన్నగారి ఆలోచనలో ఆ మాట నిజం. అయితే తాళం వేసి ఉంచి, రోజూ తరగతులు చెప్పే చోట ఇతనికి ఏదీ నిలవదు, విన్నది మరుసటి రోజుకు ఉండదు కదా. న్యూరాలజీ, సైకియాట్రీ రెండూ ఉన్న పెద్ద ఆసుపత్రి వెతకండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసన చికిత్స, మెదడు దెబ్బతిన్నవాళ్లకు తర్ఫీదిచ్చే న్యూరో రిహాబిలిటేషన్ రెండూ ఉన్నాయి. ఏ సెంటరైనా మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 కింద రిజిస్టరై ఉందో లేదో చూడండి. గొలుసులతో కట్టడం ఆ చట్టం ప్రకారం నిషిద్ధం. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి, మానసిక సాయానికి టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి.

అన్నిటికన్నా భయపడాల్సింది మళ్లీ వాడటం గురించి. మూడు నెలలు ఆగితే శరీరం మందుకు అలవాటు తప్పుతుంది, పాత మోతాదే ఇప్పుడు ప్రాణం తీస్తుంది. పైగా ఎందుకు ఆపాడో అతనికే గుర్తుండకపోవచ్చు. ఇంట్లోని నొప్పి, నిద్ర మాత్రలన్నీ బీరువాలో పెట్టి తాళం వేయండి. పిలిచినా లేవక, గురక వింతగా ఉండి, పెదాలు నీలమైతే 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆడకపోతే నోటితో ఊపిరి ఇవ్వండి, 108 వాళ్లు ఫోన్లో చెప్పినట్టు చేయండి. మజ్జిగ, నిమ్మరసం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఏ మందు వాడాడో దాచకుండా చెబితేనే ఓపియాయిడ్‌కు విరుగుడైన నాలోక్సోన్ వెంటనే ఇస్తారు. ఆ ఇంజెక్షన్ ప్రభావం గంట, గంటన్నరలో తగ్గిపోవచ్చు, మందు మత్తు ఇంకా మిగిలే ఉంటుంది. కాబట్టి కళ్లు తెరిచాడని ఇంటికి తెచ్చేయకండి.

ఇక కోలుకోవడం. మొదటి ఆరు నెలల్లో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది, ఏడాది దాటాక కూడా నెమ్మదిగా సాగుతుంది. పూర్తిగా పాత మనిషి అవుతాడని ఇప్పుడే మాటివ్వడం న్యాయం కాదు, అవడని చెప్పడమూ న్యాయం కాదు. ఈ విద్యా సంవత్సరం కాలేజీ వద్దు. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా సెలవు అడగండి. న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, స్కాన్ సీడీ, ఆ నోట్‌బుక్కు తీసుకెళ్లండి. అతని నడకను ఫోన్లో ఒక నిమిషం వీడియో తీసి చూపించండి. వీలైతే నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఎంఆర్‌ఐ చిత్రం ఆయన కళ్లారా చూడాలి.