ఎంత ధైర్యం చెప్పినా తీరని అనుమానం

ప్రశ్న: మా వారు కారు నడిపి ఇంటికి వచ్చాక, దారిలో ఎవరినైనా గుద్దేశానేమోనని మళ్లీ అదే దారిలో వెళ్లి చూసి వస్తున్నారు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా?" అని నిద్రపోయేదాకా అడుగుతూనే ఉంటారు. విసుక్కుంటే కన్నీళ్లు పెట్టుకుంటారు. ఇది చాదస్తమా, జబ్బా?

జవాబు: ఇది చాదస్తం కాదమ్మా. నిర్ధారించవలసింది మానసిక వైద్య నిపుణులే అయినా, మీరు రాసినవన్నీ అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, అంటే ఓసీడీ లక్షణాల్లాగే ఉన్నాయి. ఓసీడీ అనగానే అందరికీ పదే పదే చేతులు కడుక్కోవడమే గుర్తుకొస్తుంది కనుక, అది ఈ రూపంలో వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి పోల్చుకోలేకపోతారు. వద్దనుకున్నా మనసులోకి చొరబడే ఆలోచనలకూ, ఆ భయం తగ్గించుకోవడానికి చేసే పనులకూ రోజుకు గంటకు మించి పోతున్నా, ఉద్యోగమో సంసారమో దెబ్బతింటున్నా చికిత్స అవసరమనే అర్థం. తన భయానికి ఆధారం లేదని ఆయనకు చాలావరకు తెలిసే ఉంటుంది. తెలిసీ ఆగలేకపోవడమే ఆయన బాధ.

మీకు కష్టం కలిగించినా ఒక మాట చెప్పాలి. "ఏమీ కాలేదండీ" అని మీరు ప్రేమతో ఇచ్చే జవాబు కూడా ఆయన వెనక్కి వెళ్లి చూసి రావడం లాంటిదే. దానివల్ల దొరికే ఊరట కాసేపే ఉంటుంది, ఆ ఊరట కోసమే మనసు మళ్లీ అడిగిస్తుంది. అలాగని రేపటినుంచే జవాబు మానేయకండి, అది ఆయనకు శిక్షలా తోస్తుంది. ఆయన నెమ్మదిగా ఉన్నప్పుడు ఇద్దరూ మాట్లాడుకుని, "ఇది ఓసీడీ అడిగిస్తున్న ప్రశ్న, దీనికి జవాబు చెప్పను, కానీ మీ పక్కనే ఉంటాను" అనేలా ఒప్పందానికి రండి. థెరపిస్టు సలహాతో చేస్తే ఇంకా మంచిది.

భయాన్ని ఎదుర్కొంటూనే సరిచూసుకోవడం మానడాన్ని మెట్టుమెట్టుగా నేర్పే థెరపీని ఈఆర్‌పీ అంటారు. ఓసీడీకి బాగా పనిచేసే చికిత్స ఇదే కనుక, థెరపిస్టుకు అందులో శిక్షణ ఉందో లేదో ముందే అడగండి. సెర్ట్రలిన్, ఫ్లూయోక్సెటిన్ వంటి మందులూ ఉపయోగపడతాయి, అయితే పూర్తి ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. ఈలోగా గుణం లేదని సొంతంగా ఆపేయకూడదు. చనిపోవాలనిపిస్తోందని ఆయన ఎప్పుడైనా అంటే మాత్రం వెంటనే అత్యవసర వైద్య సహాయం తీసుకోండి.

మొదటిసారి డాక్టరు దగ్గరకు మీరూ వెళ్లండి. సిగ్గుతో ఆయన సగం దాచవచ్చు. ఎన్నిసార్లు వెనక్కి వెళ్తున్నారో, ఎన్నిసార్లు అడుగుతున్నారో ఆయన అనుమతితో మీరే చెప్పండి.