దుర్భిణి చేప మీద రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. నల్లగొండలో కూర్చొని సముద్రం లోతుల్లో తిరిగే దుర్భిణి చేప (టెలిస్కోప్ ఫిష్) మీద రాయాలని నీకు అనిపించడమే నాకు సంతోషం. అందుకే దాచకుండా చెప్తున్నా.

మొదటి వాక్యంలోనే దాన్ని 'పాతాళ రాక్షసి' అన్నావు. ఆ మాట కొట్టెయ్. ఒళ్లంతా కలిపి జానెడుండే చేప అది, తోకరెక్క కింది భాగం మాత్రం దారంలా పొడుగ్గా సాగి ఉంటుంది. రాక్షసి అనగానే చదివేవాళ్లు భయం దగ్గరే ఆగిపోతారు, చేప కనిపించదు.

మన ఇళ్లల్లో కొరమీనును బూడిద వేసి బండ మీద రుద్దుతారు, జిగురు పోయేదాకా. ఆ పని చేతులకు తెలిసినవాళ్లే నీ పాఠకులు. అక్కడి నుంచి మొదలుపెట్టు. కొరమీనుకు పొలుసుంది, దీనికి లేదు. కొరమీను కళ్లు చెరో పక్కకు చూస్తాయి, దీని కళ్లు రెండు గొట్టాల్లా ముందుకే చూస్తాయి. ఐదారు వందల మీటర్ల కింద ఎండ దాదాపు అందదు. ఆ చీకట్లో మినుకుమన్న కాస్త వెలుగునైనా పట్టాలంటే అలాంటి కళ్లే కావాలి. తిండి దొరకడం అరుదు, దొరికింది జారిపోకూడదు. అందుకే లోపలికి వంగిన పళ్లు, తనకంటే పెద్ద చేపనైనా ఇముడ్చుకునే సాగే పొట్ట. ఏ అవయవం గురించి చెప్పినా కారణం పక్కనే పెట్టు.

దుర్భిణి చేపల కుటుంబంలో ఉన్నవి రెండే జాతులు. 1898-99లో వాల్డివియా ఓడ మీద సాగిన జర్మన్ యాత్ర తర్వాత, 1901లో ఆగస్ట్ బ్రాయర్ రెంటికీ పేర్లు పెట్టాడు. ఒకదానికి యాత్ర నాయకుడు కార్ల్ చూన్ పేరు, రెండోదాని పేరు 'ఇండికా'. ఇది నువ్వు బాగానే రాశావు, ముట్టుకోకు.

కానీ అసలు కథను చివరి లైనులో పారేశావే! ఈ చేప పిల్ల పైనీళ్లలో, గుండ్రటి ఒంటితో, మామూలు కళ్లతో పెరుగుతుంది. పెద్దదానితో పోలికే లేదు. 1954లో ఆ పిల్లను వేరే చేప అనుకొని 'రోసౌరా' అని కొత్త పేరే పెట్టారు. తోకతో ఈదే కప్పపిల్లను చూసి చేప అనుకున్న పిల్లలం మనం. ఆ తికమకకు ఒక పేజీ ఇవ్వు.

తిరగరాసి ఆదివారం పొద్దున పానగల్ చెరువు దగ్గరికి తీసుకురా. కట్ట మీద కూర్చొని బయటికి చదువుదాం.

నీ అన్న