అరవైలో అండమాన్‌కు మకాం మార్చేస్తే?

ప్రశ్న: నమస్కారమండీ. వచ్చే జూన్‌కి నాకు 60 నిండుతాయి, బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైర్ అవుతున్నాను. 2017లో కుటుంబంతో అండమాన్ వెళ్ళినప్పుడు హేవ్‌లాక్‌ దీవిలో సరదాగా ఒకసారి స్కూబా (వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగడం) చేశాను. అప్పట్నుంచి అదే పిచ్చి. తర్వాత స్కూబాలో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను, సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి ఇప్పటికి 41 డైవ్‌లు పూర్తిచేశాను. మధురవాడలో ఉన్న ఫ్లాట్ అమ్మేసి, హేవ్‌లాక్‌లో కాస్త స్థలం కొని, చిన్న ఇల్లు కట్టుకుని అక్కడే ఉండిపోవాలని ఉంది. నాకు బీపీ ఉంది, మాత్రతో అదుపులోనే ఉంటుంది. మా ఆవిడకు ఈత రాదు, మోకాళ్ళ నొప్పులు కూడా. "మీరు వెళ్ళండి, నేను వైజాగ్‌లోనే ఉంటా" అంటోంది. మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఈ వయసులో ఇదేం పిచ్చి అని అందరూ అంటున్నారు. నేను అనుకుంటున్నది తప్పా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదండీ. నేను 51వ ఏట నేర్చుకున్నాను కాబట్టి మీ పిచ్చి ఎలాంటిదో నాకు తెలుసు. హేవ్‌లాక్‌లో లైట్‌హౌస్ అనే డైవింగ్ చోట పడవ అంచు మీంచి వెనక్కి వాలి నీళ్ళలో పడ్డాక ఆ చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయి మన ఊపిరి మనకే వినిపించే ఆ క్షణం కోసం ఏడాదంతా ఎదురుచూసే మనిషిని, అరవై వచ్చాయి ఇక ఇంట్లో కూర్చోమనడం నాకు చేతకాదు. వెళ్ళండి. కానీ ఫ్లాట్ మాత్రం అమ్మకండి, స్థలం కొనకండి.

ముందు స్థలం సంగతి. అండమాన్, నికోబార్ దీవుల్లో 80 శాతానికి పైగా అడవే. మిగిలిన కొద్ది నేలలో చాలా భాగం బయట నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన భూమి. హేవ్‌లాక్‌లో గోవింద్ నగర్, విజయ్ నగర్, శ్యామ్ నగర్ ఊళ్ళలో మీకు కనిపించే కుటుంబాలు చాలావరకు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థుల కుటుంబాలే. మనం భోగాపురం వైపు ప్లాటు కొన్నంత సులువుగా బయటివాళ్ళు అక్కడ భూమి కొనలేరు. "నేను చూసుకుంటాను సార్" అన్న ఎవరి మాట మీదా అడ్వాన్స్ ఇవ్వకండి. అంతగా కావాలంటే అక్కడి భూచట్టం తెలిసిన లాయర్‌కి కాగితాలు చూపించాకే తర్వాతి మాట. నా ఉద్దేశంలో మీకసలు ఆ అవసరమే రాదు.

ఎందుకంటే ఆ సముద్రం మీకు ఏడాది పొడుగునా దొరకదు. మే చివర్లో నైరుతి రుతుపవనాలు మొదలయ్యాయంటే సెప్టెంబర్ దాకా వానలు, అలలు. ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాలు. ఆ నెలల్లో పడవలు అసలు వెళ్ళవని కాదు గానీ డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ లాంటి దూరపు చోట్లకు వెళ్ళడం, వెళ్ళినా నీళ్ళు తేటగా ఉండటం మీ అదృష్టాన్ని బట్టి. నికరంగా డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు, ఆ అయిదు నెలలే మీవి. అయిదు నెలల కోసం పన్నెండు నెలల కాపురం ఎందుకండీ?

ఇంకో సంగతి. ఒక్కో డైవ్ ముప్పావు గంట, మహా అయితే గంట. ఉదయం రెండు చేస్తే, పడవ ప్రయాణం కలుపుకున్నా మధ్యాహ్నానికల్లా గదిలో ఉంటారు. మిగతా రోజంతా ఏంచేస్తారు? గడియారం మనదే అయినా ఆ దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి డిసెంబర్‌లో అయిదుంబావు కాకుండానే పొద్దు గుంకిపోతుంది. నేనొకసారి గోవింద్ నగర్‌లో గది తీసుకుని ఆరు వారాలున్నాను. మొదటి వారం స్వర్గం. మూడో వారం గాలి ఎక్కువై వరసగా నాలుగు రోజులు పడవలు కదల్లేదు. సాయంత్రం ఆరింటికే చీకటి, పలకరించడానికి మన భాష వచ్చినవాళ్ళు చుట్టుపక్కల లేరు, ఇంటికి ఫోన్ చేద్దామంటే నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉంది. ఆ నాలుగు రాత్రుల్లో నాకు అర్థమైంది, అక్కడ నాకు ఉండాల్సింది సముద్రం ఒక్కటే కాదని. మీ ఆవిడ రానంటున్నారు. ఆవిడ అన్నది మీరు అనుమతి కింద తీసుకున్నట్టున్నారు, నాకలా అనిపించలేదు. ముప్పై ఏళ్ళు బదిలీలకు మీ వెంట తిరిగిన మనిషి ఇప్పుడు "నేనిక్కడే ఉంటా" అంటే, ఆవిడ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎందుకని అడగాలి కదా.

నాకు తోచిన దారి ఇది. మకాం పోర్ట్ బ్లెయిర్‌లో పెట్టండి, డైవింగ్‌కి హేవ్‌లాక్ వెళ్ళిరండి. 2018 చివర్లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, 2024లో పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీ విజయపురం అని పేర్లు మార్చారు, టికెట్ల మీద ఆ పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళినవాళ్ళు పోర్ట్ బ్లెయిర్‌లో తరాలుగా ఉన్నారు, జంగ్లీఘాట్ వైపు వెళితే మీకు మన యాసే వినిపిస్తుంది. మీ ఆవిడకు పలకరించే ఇరుగుపొరుగు ఉంటారు, పెద్దాసుపత్రి ఊళ్ళోనే ఉంటుంది. మీరు నెలలో రెండుసార్లు నాలుగేసి రోజులు ఫెర్రీలో వెళ్ళొస్తే చాలు. ప్రైవేటు పడవలో రెండు గంటల లోపే ప్రయాణం. మధ్యలో మనసు లాగితే పోర్ట్ బ్లెయిర్‌కి పాతిక కిలోమీటర్ల దూరంలో చిడియా టాపు ఉంది, అక్కడా డైవింగ్ చేయిస్తారు. డిసెంబర్ మొదట్లో వెళ్ళి ఏప్రిల్ చివర్లో వైజాగ్ వచ్చేయండి. పెన్షన్‌కి ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ నవంబర్‌లోనే ఇక్కడ ఇచ్చేసి బయల్దేరితే ఆ టెన్షన్ కూడా ఉండదు. ఇలా రెండు సీజన్లు గడపండి. అప్పటికీ ఇల్లు కట్టాలనే ఉంటే మళ్ళీ రాయండి.

ఇక బీపీ. దీని గురించి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ఎక్కువ కంగారు పుట్టించింది ఇదే. డైవింగ్‌కి ముందు నింపే మెడికల్ ఫారంలో 45 దాటినవాళ్ళకు విడిగా ప్రశ్నలుంటాయి: పొగ తాగుతారా, కొలెస్ట్రాల్ ఉందా, బీపీ ఉందా, దగ్గరి బంధువుల్లో ఎవరైనా 50 లోపే గుండెజబ్బుతో పోయారా అని. ఒక్కదానికి అవునన్నా డాక్టరు సంతకం కావాలి. చాలామంది సంతకం కోసం తిరగలేక అన్నిటికీ "లేదు" అని రాసేస్తారు. మీరు ఆ పని చెయ్యొద్దు, చేతులు పట్టుకుని చెబుతున్నాను. నీళ్ళలో దిగగానే కాళ్ళలో ఉండే రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండె మీద భారం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ళకు నీళ్ళలో ఉండగానే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఎక్కువ. పైగా కొన్నిరకాల బీపీ మాత్రలు మనం కష్టపడి ఈదాల్సి వచ్చినప్పుడు గుండె వేగాన్ని పెరగనివ్వవు, ప్రవాహానికి ఎదురు వెళ్ళాల్సి వస్తే అది ఇబ్బందే. కార్డియాలజిస్టు దగ్గరికి మాత్రల డబ్బాతో సహా వెళ్ళండి, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని మీరే అడగండి. అక్టోబర్‌లోనే ఈ పని పూర్తిచేసుకోండి.

డాక్టరు సరేనన్నాక కూడా కొన్ని పద్ధతులు మార్చుకోవాలి. ప్రతి పది మీటర్ల లోతుకీ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుందనీ, ఒంట్లో కరిగిన నత్రజని మనం వేగంగా పైకి వస్తే బుడగలు కడుతుందనీ కోర్సులో నేర్చుకునే ఉంటారు. ఆ బుడగల వల్ల జబ్బు చేస్తే మనిషిని లోపల ఉంచి గాలి ఒత్తిడి పెంచి నయం చేసే ఛాంబర్ కావాలి, అది హేవ్‌లాక్‌లో లేదు, పోర్ట్ బ్లెయిర్‌లో నేవీ ఆసుపత్రి దాకా రావాలి. సముద్రం బాగాలేని రోజున ఆ ప్రయాణం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అందుకే మన వయసువాళ్ళు, ఎంతసేపు లోపల ఉండొచ్చో లెక్కకట్టి చెప్పే డైవ్ కంప్యూటర్ చూపించే ఆఖరి నిమిషం దాకా లోపల ఉండకూడదు. 18 మీటర్లలోనే మీరు చూడాల్సినవి జీవితానికి సరిపడా ఉన్నాయి. పైకి నిమిషానికి 9 మీటర్లు మించకుండా రండి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల ఆగుడు ఎన్నడూ మానకండి. రెండో డైవ్ తర్వాత ఒళ్ళు బరువుగా అనిపిస్తే మూడోది ఎంత ఊరిస్తున్నా వద్దనండి. తిరుగు విమానానికి ముందు కనీసం 18 గంటలు నీళ్ళలో దిగకుండా ఉండాలి, నేనైతే ఒక రోజు పూర్తిగా వదిలేస్తాను. డైవింగ్ ప్రమాదాలకు విడిగా ఇన్సూరెన్స్ దొరుకుతుంది, మామూలు హెల్త్ పాలసీలో ఇది ఉందో లేదో చదివి చూసుకుని తీసుకోండి. జలుబు చేసినప్పుడు అస్సలు దిగకండి. నేనొకసారి కట్టిన డబ్బులు వృథా అవుతాయని జలుబుతోనే దిగి చెవి పాడుచేసుకున్నాను, ఆ సీజన్ మొత్తం ఒడ్డునే కూర్చున్నాను.

ఇంకొక్క మాట. 2010లోనూ 2016లోనూ నీళ్ళు విపరీతంగా వేడెక్కి అండమాన్‌లో పగడాలు తెల్లబడిపోయాయి, చాలా చచ్చిపోయాయి. మళ్ళీ కొంచెం కొంచెంగా పెరుగుతున్న వాటి మీద మన కాలికి తొడుక్కునే ఫిన్ ఒక్కటి తగిలినా ఏళ్ళ పెరుగుదల విరిగిపోతుంది. ఏటా అయిదు నెలలు అక్కడ ఉండబోతున్నారు కాబట్టి, మొదటి వారం కొత్త చోట్ల కోసం తిరక్కుండా నీళ్ళలో పైకి తేలకుండా, కిందికి మునగకుండా ఒకే లోతులో నిలకడగా ఉండటం నేర్చుకోవడం మీదే పెట్టండి. 41 డైవ్‌లకి అది పూర్తిగా రాదు, నాకూ రాలేదు.

ప్రశ్న: నాకు 54. ఈత రాదు, కళ్ళజోడు లేనిదే కనపడదు. నేనూ స్కూబా నేర్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: నేర్చుకోవచ్చండీ, కానీ ఈత ముందు. ట్రైనర్ చెయ్యి పట్టుకుని ఒక్కసారి చూపించే డైవ్‌కి ఈత అడగరు, అది 12 మీటర్ల లోపే. కోర్సు చేసి డైవర్‌గా గుర్తింపు కార్డు తీసుకోవాలంటే మాత్రం ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. వేగం ఎవరూ చూడరు. మీ ఊళ్ళో కొలను ఉంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టండి, ఆర్నెల్లు తీసుకున్నా తొందరేం లేదు. పైన ఆయనకు చెప్పిన మెడికల్ ఫారం సంగతి మీకూ వర్తిస్తుంది. కళ్ళకు ఇబ్బంది లేదు, మాస్కుకే మీ పవర్ అద్దాలు వేయించుకోవచ్చు, లెన్సులు మారే మాస్కు కావాలని కొనేటప్పుడే అడగండి.